మంచినీటి తొట్టిని ఉప్పునీటికి మార్చబోతే: ఒక కేస్ స్టడీ

మనుషులు కట్టిన నీటి వ్యవస్థలు, అంటే ప్రదర్శన తొట్లు, తిరుగునీటి చేపల యూనిట్లు, చిన్న కృత్రిమ చెరువులు ఇబ్బందుల్లో పడినప్పుడు చూసి సరిచేయడం నా పని. ఈ కేసులో సంస్థ ఏదో, ఎక్కడిదో గుర్తుపట్టే వివరాలు తీసేశాను, అంకెలు కొన్ని రౌండ్ చేశాను. మొదటి రెండు వారాల తప్పులు చాలావరకు నావే. రాయడానికి అసలు కారణం కూడా అదే.

నేపథ్యం

ఒక విద్యాసంస్థ ప్రదర్శన కోసం కట్టుకున్న మంచినీటి వ్యవస్థ ఇది. మూడు తొట్లు, వాటి కింద ఒక బయోఫిల్టర్ (నీళ్లలో చేరే విషపు అమ్మోనియాని బ్యాక్టీరియాతో నైట్రేట్‌గా మార్చే వడపోత), అన్నిట్లోనూ తిరిగేది ఒకే నీరు. మొత్తం 2,400 లీటర్లు. మొదటి తొట్టిలో 60 దాకా గప్పీ చేపలు. రెండోదాంట్లో హార్న్‌వర్ట్, వాలిస్నేరియా మొక్కలు, వాటి మధ్య నత్తలు. మూడోదాంట్లో డాఫ్నియా. ఇవి ఆవగింజంత ఉండి నీళ్లలో గెంతుతూ తిరిగే జీవులు, రొయ్యలకి దూరపు చుట్టాలు. చేపలు వాటిని తినేయకుండా మధ్యలో సన్నటి జల్లెడ పెట్టారు. నాలుగేళ్లుగా ఏ గొడవా లేకుండా నడిచింది.

నీళ్లు మెత్తనివి. లీటరుకు 0.2 గ్రాముల లవణాలు, పీహెచ్ 7 దగ్గర. సంస్థవాళ్లు దీన్నే నమూనాగా పెట్టుకుని లక్ష లీటర్ల పైన పట్టే పెద్ద చెరువు కట్టాలనుకున్నారు. దానికి దొరికేది మాత్రం బోరు నీళ్లే: లీటరుకు 3 గ్రాముల లవణాలు, పీహెచ్ 8.3, బాగా కఠినమైన నీరు, అంటే కాల్షియం లాంటి ఖనిజాలు ఎక్కువున్నది. కాబట్టి ముందు ఈ చిన్న వ్యవస్థని బోరు నీళ్లకి మార్చి చూపించమన్నారు. గడువు ఆరు వారాలు.

"మెల్లగా అలవాటు చేస్తే సరిపోతుంది కదా?" అన్నారు బాధ్యుడు. నేనూ సరేనన్నాను.

మొదటి ప్లాన్, దాని వెనక ఆలోచన

రెండు రోజులకోసారి పది శాతం నీళ్లు తీసి, బోరు నీళ్లు పోయడం. ఈ రంగంలో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. నా లెక్కంతా చేపల చుట్టూ తిరిగింది. చేప రక్తంలో లవణాలు లీటరుకు సుమారు 9 గ్రాములు. మంచినీళ్లలో ఉన్నప్పుడు నీరు ఒంట్లోకి చొరబడుతూనే ఉంటుంది, ఉప్పు బయటికి జారిపోతూనే ఉంటుంది. దాన్ని మళ్లీ లోపలికి లాక్కోవడానికి మొప్పల్లో ప్రత్యేక కణాలుంటాయి. బయటి నీటి ఉప్పదనం మారితే ఈ కణాలు కొన్ని రోజుల్లో కొత్త పరిస్థితికి సర్దుకుంటాయి. పైగా 3 గ్రాముల ఉప్పదనం చేప రక్తం కన్నా తక్కువే కాబట్టి గప్పీకి ఆ నీళ్లు భారం కాకపోగా, కాస్త తేలికే. ఆరు వారాలు బోలెడు టైమ్ అనుకున్నాను.

ఇక్కడ రెండు పొరపాట్లు జరిగాయి. ఒకటి, ఆ పది శాతం లెక్క. పైకి సమానమైన మెట్లలాగే ఉంటుంది, నిజానికి కాదు. మొదటిసారి మార్చినప్పుడు ఉప్పదనం 0.28 గ్రాములు పెరుగుతుంది, ఇరవై ఒకటోసారికి 0.03 మాత్రమే. మొదటి మెట్టు ఆఖరి మెట్టుకి ఎనిమిది రెట్లు పెద్దది. రెండు వారాల్లోనే నీళ్లలో 52 శాతం కొత్తవైపోతాయి. ఏ జీవీ ఇంకా సర్దుకోని రోజుల్లోనే పెద్ద దెబ్బలన్నీ పడతాయన్నమాట. మెల్లగా మారుస్తున్నామనుకుంటూ గబగబా మార్చేశాం.

రెండోది, పేరుకి మారుస్తున్నది ఉప్పదనమే అయినా దాంతోపాటు పీహెచ్, కాఠిన్యం కూడా కదిలాయి. నేను రోజూ చూసుకున్నది ఉప్పదనం మీటర్ ఒక్కటే.

ఎక్కడ బెడిసింది

తొమ్మిదో రోజు తొట్లు చూసుకునే ఆవిడ ఫోన్ చేశారు. "డాఫ్నియా ఎర్రబడ్డాయి సార్. జబ్బేమైనా పట్టిందా?"

వెళ్లి ఒక గాజు గ్లాసులో పట్టి టార్చి వెలుగులో చూశాను. మామూలుగా అద్దంలా ఉండే ఒళ్లు లేత గులాబీ రంగుకి తిరిగింది. జబ్బు కాదని చెప్పాను. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే డాఫ్నియా ఒంట్లో హీమోగ్లోబిన్ పెంచుకుంటుంది, ఆ ఎరుపు దానిదే, కళ్లెదుటే అది పరిస్థితికి సర్దుకుంటోందని వివరించాను. ఆవిడ ఆసక్తిగా విన్నారు, నేను సంతోషంగా ఇంటికొచ్చాను. ఆక్సిజన్ తగ్గితే ఎరుపొస్తుందని అంత చక్కగా చెప్పినవాణ్ని, అసలు ఆక్సిజన్ ఎందుకు తగ్గిందని మాత్రం అడగలేదు. ఇప్పటికీ నన్ను బాధపెట్టేది అదే.

పన్నెండో రోజుకి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. తెల్లవారుజామున వెళ్లి కొలిస్తే ఆక్సిజన్ లీటరుకు 3.1 మిల్లీగ్రాములు. మధ్యాహ్నం 8 దాకా ఉండేది కాబట్టి పగటి కొలతల్లో ఏమీ తేలలేదు. హార్న్‌వర్ట్ సూదుల్లాంటి ఆకులన్నీ రాల్చేసింది. అవి అడుగున కుళ్లుతూ రాత్రిపూట ఆక్సిజన్ లాగేస్తున్నాయి, అమ్మోనియా వదులుతున్నాయి. ఆ అమ్మోనియాని మింగాల్సిన ఫిల్టర్ బ్యాక్టీరియా కొత్త నీళ్ల దెబ్బకి దాదాపు నిద్రపోయింది. వాటికీ ఆక్సిజన్ కావాలి, చాలా కావాలి: ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ని నైట్రేట్ దాకా మార్చడానికి నాలుగున్నర గ్రాముల పైనే.

టెస్ట్ కిట్‌లో మొత్తం అమ్మోనియా లీటరుకు 1 మిల్లీగ్రాము చూపించింది. పాత నీళ్లలో ఆ అంకె చూసి ఎవరూ కంగారు పడరు. కానీ చేపని చంపేది మొత్తం అమ్మోనియా కాదు, అందులో అయాన్‌గా మారకుండా విడిగా ఉన్న భాగం. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే ఆ భాగం అర శాతం పైచిలుకు. పీహెచ్ 8కి వస్తే ఐదు శాతం దాటుతుంది. అప్పటికి మా పీహెచ్ సరిగ్గా 8. అంటే కిట్‌లో అదే రంగు కనిపిస్తున్నా విషం తొమ్మిది రెట్లు పైనే పెరిగింది. విడి అమ్మోనియా లీటరుకు 0.02 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోవాలని మా లెక్క, ఇక్కడ అది 0.05 దాటింది. ఆ వారంలో తొమ్మిది చేపలు పోయాయి. డాఫ్నియా తొట్టిలో గ్లాసు ముంచితే ఒకటో రెండో వచ్చేవి, ఒక్కోసారి అవీ లేవు.

ఇది చాలదన్నట్టు, ఎవరో మంచి మనసుతో సీసాలో దొరికే బ్యాక్టీరియా మందు రెండు సీసాలు నాకు చెప్పకుండా పోసేశారు. దానివల్ల మేలూ జరగలేదు, కీడూ జరగలేదు. నీళ్లు మాత్రం రెండు రోజులు పాలు కలిపినట్టున్నాయి.

వెనక్కి తిప్పాలా, అక్కడే ఆగాలా

పద్నాలుగో రోజు కూర్చుని మాట్లాడుకున్నాం. "పాత నీళ్లు పోసేద్దాం సార్, చేపలైనా మిగులుతాయి" అన్నారు తొట్లు చూసే ఆవిడ. సబబైన మాటే. నాకూ సగం మనసు అటే లాగింది.

వద్దనడానికి మూడు కారణాలు కనిపించాయి. వెనక్కి వెళ్లడమూ ఒక మార్పే, బతికి ఉన్న బ్యాక్టీరియా మళ్లీ దెబ్బ తింటుంది. చేపల మొప్పలు అప్పటికే సర్దుకున్నాయి కాబట్టి వాటి బాధ ఉప్పు వల్ల కాదు. మూడోది నైట్రైట్. అమ్మోనియాని నైట్రైట్‌గా మార్చే బ్యాక్టీరియా ఒక రకం, దాన్ని నైట్రేట్‌గా మార్చేవి చాలావరకు ఇంకో రకం, ఆ రెండో రకం ఇంకా ఆలస్యంగా కోలుకుంటుంది. మధ్యలో నైట్రైట్ పేరుకోవడం ఖాయం. అది మొప్పల గుండా రక్తంలోకి వెళ్లి హీమోగ్లోబిన్‌ని పనికిరాకుండా చేస్తుంది. అయితే అది లోపలికి దూరేది క్లోరైడ్ వెళ్లే దారినే. నీళ్లలో క్లోరైడ్ దండిగా ఉంటే నైట్రైట్‌కి ఆ దారి దొరకదు. నైట్రైట్ నైట్రోజన్‌కి కనీసం పది రెట్లు క్లోరైడ్ ఉండేలా చూడటం చేపల పెంపకంలో ఉన్న పద్ధతే. మా సగం ఉప్పునీళ్లలో క్లోరైడ్ అంతకన్నా ఎన్నో రెట్లుంది. ముంచిన ఉప్పే ఈ విషయంలో కాపాడుతుంది, పాత నీళ్లు పోస్తే ఆ రక్షణ పోతుంది.

అందుకే లీటరుకు 1.7 గ్రాముల దగ్గర ఆపేశాం, ముందుకీ లేదు, వెనక్కీ లేదు. నాలుగు రోజులు మేత బంద్, తర్వాత మూడో వంతు. కుళ్లిన ఆకులు తీసేశాం. రాత్రుళ్లు గాలి పంపు పెట్టాం. పోయబోయే బోరు నీళ్లని విడి డ్రమ్ములో పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సరిచేసి, రాత్రంతా గాలి కొట్టించి, మళ్లీ కొలిచాకే వాడాం. ఆ పని నేనే చేశాను, ఇంకెవరికీ అప్పజెప్పలేదు. క్షారతని, అంటే పీహెచ్ పడిపోకుండా నీళ్లలో ఆమ్లాన్ని అడ్డుకునే గుణాన్ని, మొత్తం తీసేయలేదు. ఫిల్టర్ మళ్లీ పని మొదలుపెడితే ఒక్కో గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కి ఏడు గ్రాముల క్షారత తనే తినేస్తుంది, అప్పుడు పీహెచ్ ఒక్కసారిగా కిందికి పడిపోతుందని భయం. రెండు వారాల్లో పీహెచ్ 7.5 దగ్గర కుదురుకుంది. నైట్రైట్ 4 మిల్లీగ్రాముల దాకా వెళ్లింది. ఆ తర్వాత ఒక్క చేప కూడా పోలేదు.

ఇదే సమయంలో మొదటి రోజే వేయాల్సిన ఇంకో లెక్క వేశాను. తొట్ల నుంచి రోజుకి 17 లీటర్ల దాకా ఆవిరవుతోంది. నీరు పోతుంది, ఉప్పు ఉండిపోతుంది. వారానికి పది శాతం మార్పిడి, పైన ఆవిరికి సరిపడా బోరు నీళ్లు పోస్తూ పోతే వ్యవస్థ ఆఖరికి నిలిచేది 3 గ్రాముల దగ్గర కాదు, 4.5 దగ్గర. మేమంతా తప్పు గమ్యం పెట్టుకుని టైమ్‌టేబుల్ వేసుకున్నాం. తొట్లకి మూతలు పెట్టించి ఆవిరిని మూడో వంతుకి తగ్గిస్తే గమ్యం 3.5కి దిగింది. పెద్ద చెరువు డిజైన్‌లో కూడా ఆ అంకె మారింది. ఈ కేసులో సంస్థకి దక్కిన అతి పెద్ద లాభం ఇదేనేమో.

బ్యాక్టీరియా: ఎదురుచూడాలా, తెచ్చుకోవాలా

"బ్యాక్టీరియానే కదండీ, గంటగంటకీ తరాలు మారతాయి, వాటంతటవే మారిపోతాయి" అన్నారు బాధ్యుడు. చాలామంది అనుకునేదే. పేగుల్లో ఉండే ఈ.కోలి బ్యాక్టీరియా అయితే మంచి ఆహారంలో ఇరవై నిమిషాలకి రెండింతలవుతుంది. ఫిల్టర్‌లో అమ్మోనియాని మార్చే నైట్రిఫయింగ్ బ్యాక్టీరియా అలా కాదు, రెండింతలవడానికి తరచూ రోజు దాకా తీసుకుంటాయి. పైగా కొత్త గుణం పుట్టడమనేది తరాలు గడిచినంత మాత్రాన జరిగిపోదు. అమెరికా జీవశాస్త్రవేత్త రిచర్డ్ లెన్స్‌కీ 1988లో ఈ.కోలితో 12 వరుసలు మొదలుపెట్టారు. ఆక్సిజన్ ఉన్నచోట సిట్రేట్‌ని తినగలిగే గుణం వాటిలో ఒక్క వరుసకే వచ్చింది, అదీ 31 వేల తరాలు దాటాక. నాకు అంత ఓపిక ఉన్నా చేపలకి ఉండదు.

అప్పటికే ఉప్పునీళ్లకి తట్టుకునే బ్యాక్టీరియా ఉన్నచోటు నుంచి తెచ్చుకుంటే? నా దగ్గర చేపలు లేని ఒక ఉప్పునీటి తొట్టి ఉంది, ఫిల్టర్ నడుస్తోంది. చేపలు లేవు కాబట్టి చేపల జబ్బులొచ్చే భయం తక్కువ. రెండు టబ్బులు పెట్టాను, రెండిట్లోనూ 3.5 గ్రాముల ఉప్పదనం, గాలి, రోజూ కొంచెం అమ్మోనియం క్లోరైడ్. మొదటిదాంట్లో సంస్థ ఫిల్టర్‌లోంచి తీసిన, బ్యాక్టీరియా అంటుకుని ఉండే ప్లాస్టిక్ ముక్కలు మాత్రమే. రెండోదాంట్లో అవే, వాటితోపాటు నా తొట్టిలోంచి ఒక సంచీడు. ఫిల్టర్ అసలే నీరసంగా ఉంది కాబట్టి దాంట్లోంచి ఐదో వంతుకి మించి తీయలేదు.

వేసిన అమ్మోనియాని ఒక్క రోజులో పూర్తిగా నైట్రేట్‌గా మార్చే స్థాయికి రెండో టబ్బు 16 రోజుల్లో వచ్చింది. మొదటిది 34 రోజులు తీసుకుంది. మొదటిదాంట్లో అమ్మోనియా మూడో వారానికే మాయమైంది, నైట్రైట్ మాత్రం మొండిగా కూర్చుంది. మొదటిదీ చివరికి పనిచేసింది కదా అని ఒక సహోద్యోగి అన్నారు. నిజమే. కానీ ఆ 34 రోజుల్లో ఏదో బ్యాక్టీరియా మారిపోయిందని నేననుకోను. పాత ఫిల్టర్‌లో ఎక్కడో మూలన కొద్దిగా ఉన్న తట్టుకునే రకాలు పెరిగి, తట్టుకోలేని వాటి చోటు ఆక్రమించి ఉంటాయి. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

రెండో టబ్బు సరుకంతా ఫిల్టర్‌లో కలిపాం. ఐదు వారాల విరామం తర్వాత మళ్లీ ఉప్పదనం పెంచడం మొదలుపెట్టాం. ఈసారి శాతాల లెక్క మానేశాం. మెట్టుకి 0.15 గ్రాములకి మించకూడదు, వరసగా మూడు రోజులు అమ్మోనియా, నైట్రైట్ రెండూ కిట్‌లో పావు మిల్లీగ్రాము లోపు ఉంటేనే తర్వాతి మెట్టు, లేకపోతే ఆగాలి. గమ్యానికి పన్నెండు వారాలు పట్టింది.

అడుగు బురద

డాఫ్నియా పోయినట్టేనని నేను రాసేసుకున్నాను. కొత్తవి తెచ్చి వేయాలనుకుంటుండగా మూడో తొట్టి వెనక, పైపు చాటున సైఫన్ (అడుగు చెత్తని లాగేసే గొట్టం) అందని మూలలో అంగుళం మందాన బురద కనిపించింది. చిటికెడు తీసి తెల్ల పళ్లెంలో వేసి భూతద్దం పెడితే నల్లటి చుక్కలు, గుర్రపు జీను ఆకారంలో. డాఫ్నియా నిద్రగుడ్లు.

మంచి రోజుల్లో డాఫ్నియా ఆడవి మగ అవసరం లేకుండానే తమ నకళ్లని కంటూ పోతాయి. గుంపు మరీ పెరిగితే, తిండి తగ్గితే, పగలు కురచైతే మగవి పుడతాయి. అప్పుడు కలయికతో పుట్టిన గుడ్లు గట్టి పెంకులో అడుగుకి చేరి ఏళ్ల తరబడి ఉండిపోతాయి. యూరప్‌లోని కాన్‌స్టెన్స్ సరస్సు అడుగు మట్టిలోంచి వేర్వేరు దశాబ్దాల గుడ్లు పొదిగించి, విషపు నాచు పెరిగిన కాలంలో అక్కడి డాఫ్నియా దాన్ని తట్టుకునేలా మారాయని 1999లో శాస్త్రవేత్తలు చూపించారు. మా తొట్టిని మొదట్లో ఒక చెరువు నీళ్లతో మొదలుపెట్టారు. తొలి నెలల్లో రకరకాల వంశాలు ఉండి ఉంటాయి. మెత్తటి నీళ్లలో ఏదో ఒకటి గెలిచి, నాలుగేళ్లు దాని నకళ్లే తొట్టి నిండా తిరిగాయి. ఓడినవాళ్ల గుడ్లు బురదలో ఉండిపోయాయి.

సీసాల్లో 1, 2, 3, 4 గ్రాముల ఉప్పదనం పెట్టి, ఒక్కోదాంట్లో మూడు చెంచాల బురద వేసి, దీపం కింద ఉంచాం. ఐదో రోజు నుంచి పిల్లలు కనిపించాయి. పక్కన ఇంకో వరుస సీసాల్లో పాత తొట్టిలో మిగిలిన కొన్నిటిని వేశాను. పాతవి 2 గ్రాముల దగ్గర బతికాయి కానీ సరిగా పిల్లల్ని పెట్టలేదు, 3 దగ్గర వారంలోపే పోయాయి. అమ్మోనియా లేని సీసాల్లో కూడా పోయాయంటే వాటికి ఉప్పే సమస్య. చేపల కథకి ఇది పూర్తిగా తలకిందులు. బురదలోంచి వచ్చినవి 3 దగ్గర పదుల్లో బతికాయి. 4 దగ్గర ఆరు పుట్టాయి, వాటిలో రెండే పిల్లల తల్లులయ్యాయి.

ఆ రెండిటి ఓర్పు పుట్టుకతో వచ్చిందా, ఉప్పులో పెరిగినందువల్ల వచ్చిందా? తేలాలంటే ఉప్పు అలవాటు తప్పించాలి. రెండు వంశాలనీ పాత మెత్తటి నీళ్లలో మూడు తరాలు పెంచి, మళ్లీ 4 గ్రాముల్లో వేశాం. ఒకటి ఏమీ జరగనట్టు పిల్లల్ని పెట్టింది. రెండోదాని పిల్లల్లో సగం పోయాయి. మొదటిది వంశగుణం అనుకోవచ్చు, రెండోదాంట్లో చాలావరకు అలవాటే. రెండు వంశాల మీద నిలబడి పెద్ద మాటలు చెప్పను. తొట్టిలోకి మాత్రం మొదటి వంశం ఒక్కదాన్నే వేయలేదు, 3 గ్రాముల సీసాల్లో బతికినవన్నీ కలిపి వేశాం. నాలుగేళ్ల కింద గెలిచింది కూడా ఒక్కటే కదా.

మొక్కలు, నత్తలు

హార్న్‌వర్ట్ తిరిగి రాలేదు. వాలిస్నేరియా ఆకులు కరిగి జారిపోయాయి. పీకేద్దామంటే వేళ్లు ఉండనిమ్మన్నాను. మొక్క పాత ఆకుని బాగుచేసుకోదు, దాన్ని వదిలేసి కొత్త నీళ్లకి తగ్గ ఆకుని కొత్తగా కట్టుకుంటుంది. నెల తిరిగేసరికి మొదటికన్నా సన్నటి ఆకులొచ్చాయి. నత్తలకి మాత్రం కలిసొచ్చింది. మెత్తటి నీళ్లలో గుంటలు పడి తెల్లబారిన పెంకులు, కాల్షియం దొరికాక కొత్త అంచుల దగ్గర నున్నగా పెరిగాయి.

నా పద్ధతిలో మారినవి

ఇప్పుడు ఎవరైనా "మెల్లగా అలవాటు చేద్దాం" అంటే, ఎవరికి అలవాటు అని అడుగుతున్నాను. చేప మొప్పకి రోజులు చాలు. వాలిస్నేరియా కొత్త ఆకు కట్టడానికి నెల. ఫిల్టర్‌లో ఒక రకం పోయి ఇంకో రకం రావడానికి నెల పైన. డాఫ్నియాలో వంశం మారాలంటే ముందు ఆ వంశం ఎక్కడో ఉండాలి, లేకపోతే ఎన్ని నెలలు ఆగినా రాదు. నేను వీటిలో అన్నిటికన్నా త్వరగా సర్దుకునే జీవిని చూసి టైమ్‌టేబుల్ వేశాను, ఎందుకంటే సందర్శకులు చూసేదీ, నేను చూసేదీ చేపలనే. కంటికి కనిపించని జీవుల్ని లెక్కలోంచి వదిలేస్తే ఏమవుతుందో ముందే ఒకసారి తేలింది. అమెరికాలోని బయోస్ఫియర్ 2 ప్రయోగంలో 1991 నుంచి ఎనిమిది మంది రెండేళ్లు మూతవేసిన గాజు ప్రపంచంలో ఉన్నప్పుడు ఆక్సిజన్ 20.9 శాతం నుంచి సుమారు 14.5కి జారింది. దాన్ని లాగేసింది మట్టిలోని సూక్ష్మజీవులు. అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని కాంక్రీట్ పీల్చేసుకోవడంతో లెక్క ఎక్కడ తప్పిందో వెంటనే తెలియలేదు. ఈ సంగతి నాకు ముందే తెలుసు, ఎన్నోసార్లు ఇతరులకి చెప్పాను కూడా.

ఇంకో మార్పు: ఏ మార్పిడికైనా ముందు వారం రోజులు తెల్లవారుజామున ఆక్సిజన్ కొలుస్తున్నాను. పీహెచ్ పక్కన పెట్టుకోకుండా అమ్మోనియా అంకె చదవడం మానేశాను.

ప్రస్తుతం

వ్యవస్థ 3.4, 3.6 గ్రాముల మధ్య ఆరు నెలలుగా నడుస్తోంది. చేపలు యాభై పైనే ఉన్నాయి. డాఫ్నియా గుంపు మునుపటంత చిక్కగా లేదు, ఒక్కో నెల బాగా పలుచబడి మళ్లీ లేస్తోంది. కారణం ఇంకా వెతుకుతున్నాం. తొట్టి అడుగు నల్లగా ఉంటే చూడ్డానికి బాగోదని సంస్థవాళ్లు రెండుసార్లు ఉత్తరం రాశారు. ముందువైపు వారంవారం శుభ్రం చేస్తామనీ, వెనక పైపు మూల ముట్టుకోమనీ రాజీ కుదిరింది. "ఇక్కడ సైఫన్ పెట్టవద్దు" అని ఆ మూల గాజు మీద చీటీ అంటించారు తొట్లు చూసే ఆవిడ. కింద చిన్న గుర్రపు జీను బొమ్మ కూడా వేశారు.